మానవ భూగోళ బోధనలో క్షేత్ర చిత్రాలు, వీడియోలు

ఊళ్లు ఎక్కడ వెలిశాయి, నేలను ఎవరు ఎలా వాడుకుంటున్నారు, జనం ఎందుకు వలసపోతున్నారు, నగరంలో ఏ జాగాలో ఎవరు కూర్చోగలుగుతున్నారు అనేవి మానవ భూగోళ శాస్త్రం అడిగే ప్రశ్నలు. వీటికి పటం కొంతవరకే జవాబు చెబుతుంది. మిగతాది కాళ్లరిగేలా తిరిగి చూడాల్సిందే. తరగతి మొత్తాన్నీ వెంట తీసుకెళ్లడం కుదరదు కనుక, పాఠం చెప్పేవారే క్షేత్రానికి వెళ్లో, ఎవరినైనా పంపించో, అక్కడి దృశ్యాలను తెచ్చి విద్యార్థుల ముందు పెట్టే పద్ధతి నూరేళ్లకు పైగా సాగుతోంది. లాంతరు స్లైడ్ల నుంచి సెల్‌ఫోన్ వీడియో దాకా పరికరాలు ఎన్ని మారినా, కెమెరాను ఏ ప్రశ్నతో తిప్పారన్నదాన్ని బట్టే ఆ పాఠం నిలిచింది, లేదా తేలిపోయింది.

ఇంగ్లండులో 1893లో జియోగ్రాఫికల్ అసోసియేషన్ ఏర్పడింది. బడుల్లో భూగోళం చెప్పే మాస్టర్లు తమ లాంతరు స్లైడ్లను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలనుకోవడమే దాని పుట్టుకకు కారణం. వ్యవస్థాపకుల్లో ఒకరైన హాల్‌ఫర్డ్ మెకిండర్ ఆ తర్వాత బ్రిటిష్ వలసల కార్యాలయంవారి దృశ్యబోధనా సంఘంలో ముఖ్యుడయ్యాడు. ఆ సంఘం 1907లో హ్యూ ఫిషర్ అనే చిత్రకారుణ్ణి భారతదేశం మీదుగా పర్యటనకు పంపింది. స్థానిక జీవన లక్షణాలు, వాటిపై బ్రిటిష్ పాలన తెచ్చిన మార్పులు, ఈ రెండింటినీ చిత్రించమని ముందే చెప్పి పంపారు. ఆ బొమ్మలకు మెకిండర్ రాసిన ఎనిమిది ఉపన్యాసాలు 1910లో అచ్చయ్యాయి. జవాబు ముందే రాసిపెట్టుకుని బొమ్మలు తెప్పించుకున్న పని ఇది. భారతదేశం గురించి బ్రిటిష్ పిల్లలు నేర్చుకున్నదాంట్లో భారతీయులు అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు.

అదే కాలంలో ఫ్రాన్సులో జరిగిన ప్రయత్నం దీనికంటే లోతైనది. ఆల్బర్ కాహ్న్ అనే బ్యాంకరు 1909లో ‘భూగోళపు దస్తావేజులు’ అనదగిన ఒక బృహత్ సేకరణ మొదలుపెట్టాడు. దాన్ని నడపడానికి 1912లో జాన్ బ్రూన్ అనే భూగోళ ఆచార్యుణ్ణి పిలిచాడు. కాహ్న్ ఇచ్చిన సొమ్ముతోనే కొలేజ్ ద ఫ్రాన్స్‌లో మానవ భూగోళ శాస్త్ర పీఠం వెలిసింది. దాని ఆచార్యుడూ బ్రూనే. 1931 దాకా సాగిన ఈ పనిలో 72,000 రంగుల గాజుపలక ఛాయాచిత్రాలు, దాదాపు వంద గంటల ఫిల్ము పోగయ్యాయి. వీటిలో స్టెఫాన్ పాసె అనే ఛాయాగ్రాహకుడు 1913–14లో మన దేశంలో తీసినవీ ఉన్నాయి.

దేన్ని చూడాలన్న విషయంలో బ్రూన్‌కు స్పష్టత ఉంది. ఇళ్లు, దారులు, సాగుచేసిన పొలాలు, మచ్చిక చేసిన పశువులు, తవ్విన గనులు, నరికిన అడవులు, చంపిన జంతువులు. మనిషి నేల మీద వేసే ముద్రలన్నీ వీటిలోకి వస్తాయని 1910లో వెలువడిన తన గ్రంథంలో ఆయన వాదించాడు. సేకరణ వెనకా ఉన్నది ఆ చూపే. అందుకే ఆ ఫిల్ములో కథ ఉండదు, నాయకుడుండడు. సంతలో జనం వస్తూ పోతూ ఉంటారు, రేవులో సరుకు దిగుతూ ఉంటుంది, అంతే. కూర్పు చేయని ఆ ముక్కలను బ్రూన్ తన ఉపన్యాసాల్లో చూపి, మాటతో పాఠంగా మలిచేవాడు. క్షేత్ర వీడియోతో పాఠం చెప్పే ఇవాళ్టి టీచర్లకు అసలైన పూర్వీకుడు ఆయనే. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం కాహ్న్‌ను దివాలా తీయించింది, 1930లో బ్రూన్ చనిపోయాడు.

1922 నాటి ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ మరో దారి తొక్కింది. కెనడా ఉత్తరాన ఇన్యుయిట్ల బతుకును చూపే ఈ చిత్రం తర్వాత భూగోళ తరగతులకూ చేరింది. అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్ల చేత దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ బల్లేలు పట్టించాడు. వెలుతురు కోసం సగానికి కోసిన మంచుగుడిసెలో కాపురం తీశాడు. ఇది తెలియకుండా పాఠంగా చూపితే పిల్లలు నేర్చుకునేది అబద్ధం. తెలిసి, ఏది ఎందుకు మార్చాడో అడిగిస్తూ చూపితే అంతకు మించిన పాఠం లేదు.

సులువుగా అంటుకుపోయే పాత ఫిల్ముకు బదులు కొడాక్ 1923లో ప్రమాదం లేని 16 మి.మీ. ఫిల్ము తెచ్చాకే సినిమా తరగతి గదిలోకి ధైర్యంగా అడుగుపెట్టింది.

టీచరు చేతికి కెమెరా తేలిగ్గా అందింది మాత్రం 1965లో వచ్చిన సూపర్ 8 తర్వాతే. అలాంటి కెమెరాతో ఏం చేయవచ్చో చెప్పడానికి న్యూయార్క్‌లో విలియం వైట్ చేసిన పని మంచి ఉదాహరణ. వృత్తిరీత్యా భూగోళవేత్త కాకపోయినా, ఆయన అడిగినవి అచ్చంగా మానవ భూగోళ ప్రశ్నలే: ఒక కూడలి కిటకిటలాడుతుంటే, పక్కదే ఎందుకు బోసిపోతోంది? యువ పరిశీలకుల బృందంతో కలిసి సీగ్రమ్ భవనం ముందున్న ఆవరణ లాంటి చోట్ల కెమెరాలు పెట్టి, ఉండుండి ఒక్కో చిత్రం తీయించాడు. కూర్చోవడానికి వీలున్నచోటే జనం కూర్చుంటున్నారని తేలింది. చెబితే ఇంతేనా అనిపిస్తుంది కానీ, నగర ప్రణాళికల్లో అప్పటిదాకా దానికి చోటు లేదు. కదిలే కుర్చీ ఉంటే మనిషి ముందు దాన్ని కాస్త అటో ఇటో జరిపి గానీ కూర్చోడు. దారిలో తెలిసినవాళ్లు కలిస్తే పక్కకు తప్పుకోరు, నడిచేవాళ్ల మధ్యలోనే నిలబడి మాట్లాడుకుంటారు. 1975లో న్యూయార్క్ ఆవరణల నిబంధనలు మారడంలో ఈ పరిశీలన పాత్ర ఉంది. ఆయన స్వయంగా వ్యాఖ్యానం చెప్పిన చిత్రం 1980లో వచ్చింది. నగరం గురించి బోధించేవారు దాన్ని నేటికీ చూపుతున్నారు.

మన దేశంలో దృశ్య బోధనకు పెద్ద మలుపు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నడిచిన ‘సైట్’ ఉపగ్రహ టీవీ ప్రయోగం. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు పాఠాలు చేరాయి. ఆ తర్వాత 1984లో యూజీసీ ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ వచ్చింది. రెండింటిలోనూ పాఠం పైనుంచి దిగింది, నేర్చుకునేవారు చూస్తూ కూర్చున్నారు. సైట్‌లో పనిచేసిన దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీష్ తర్వాత జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ద్వారా ఈ వరుసను తిరగేశారు. అక్కడి దళిత మహిళా రైతులు వీడియో నేర్చుకుని, కెమెరా కోణాలకు తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్. బీటీ పత్తి దేశంలోకి వచ్చిన తొలి ఏడు, 2002లో, వరంగల్ రైతుల పొలాలను పంట కాలం పొడవునా వెంబడించి వాళ్లు తీసిన చిత్రం 2003లో వెలువడింది. విత్తనం, అప్పు, దిగుబడి, ధర ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో చూపడానికి అలాంటి క్షేత్ర చిత్రాన్ని మించిన పాఠ్యసామగ్రి తెలుగు నేల మీద అరుదు.

2005లో యూట్యూబ్, ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చి ఖర్చును దాదాపు చెరిపేశాయి. 2020లో కోవిడ్ క్షేత్ర పర్యటనలను ఆపేసినప్పుడు చాలాచోట్ల టీచర్లే తమ చుట్టుపక్కల వీధులు, సంతలు, చెరువులు చిత్రించి పాఠాలు చేశారు. వృత్తి నైపుణ్యంతో తీసిన డాక్యుమెంటరీకి లేని గుణం ఒకటి ఇలాంటి వీడియోకు ఉంటుంది. మాస్టారు ఎక్కడ నిలబడ్డాడో, ఎవరిని అడిగాడో, ఎవరు మాట్లాడనన్నారో పిల్లలు ఆయన్నే నిలదీయవచ్చు. మొదట శబ్దం లేకుండా చూపి ఏం కనిపించిందో రాయించడం, మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో ఊహించమనడం, చూసిన దారిని పటంగా గీయించడం దీనికి అనువైన పద్ధతులు. తీసిన చోటు, తేదీ, పూట వీడియోలోనే చెప్పాలి. ఆదివారం సంతను మంగళవారం చూసినవారికి ఊరు వేరేగా కనిపిస్తుంది. ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే ముందే అనుమతి అడగాలి. పట్టా లేని గుడిసె, అనుమతి లేని తోపుడుబండి వంటివి చిత్రించేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే తరగతి కోసం తీసిన వీడియో బయటికి పోతే నష్టపోయేది ఆ గుడిసెలోవాళ్లు, ఆ బండివాళ్లు.