పెదనాయన అంబాసిడర్ నుంచి నా కారు దాకా: మన ఇంట్లో తిరిగే పనులు, తిరిగిన బండ్లు

మన ఇంట్లో ఒకచోట కూర్చుని చేసే పని చేసినవాళ్ళు తక్కువ. తాతది పత్తి బేరం, పెదనాయనదీ అదే. నాయన పంపుసెట్లు అమ్మినాడు. ఇప్పుడు నాకూ తిరిగే ఉద్యోగమే వచ్చింది. లారీ కాటాల సాఫ్ట్‌వేర్‌ని కాటా దగ్గరికే పోయి టెస్ట్ చేయాలి. గంగావతి, సింధనూరు రైస్ మిల్లులు, తోరణగల్లు పక్కన ఫ్యాక్టరీలు, అప్పుడప్పుడు ఆదోని, గుంతకల్లు. నెలకు 2,500 కిలోమీటర్లకు తక్కువ కాదు. కారు లేకుండా కాదు. ఏ కారు అనే మాట వచ్చినప్పుడు ఇంట్లో తలా ఒకటి చెప్పినారు. ఆ మాటలన్నీ వింటుంటే, ఒక్కో తరం ఏ బండి ఎందుకు కొన్నదో రాసిపెట్టాలనిపించింది.

తాత కాలం: రైలు, బస్సు, ఎద్దులబండి

తాత తిరిగిన కాలంలో బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అన్నీ ఆ జిల్లాలోవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ మూడు తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరులో కలిసినాయి. మన ఇల్లు ఉన్నచోటే ఉంది, పత్తి మార్కెట్టు మాత్రం పక్క రాష్ట్రానికి పోయింది. నిన్నటిదాకా సొంత జిల్లాలో చేసిన ప్రయాణం రాత్రికి రాత్రి అంతర్రాష్ట్ర ప్రయాణం అయిపోయింది.

తాత మీటర్‌గేజ్ రైలులో గుంతకల్లు దాకా పోయి, అక్కడ రైలు మారి ఆదోని చేరేవాడు. పల్లెల్లోకి పోవాలంటే ఎద్దులబండి. నల్లరేగడి నేల కాబట్టి వానకాలంలో బండి చక్రం కూడా దిగబడేది. రెండు ఊర్ల పనికి మూడు రోజులు పట్టేదని అవ్వ చెప్తుంది.

పెదనాయన కాలం: అంబాసిడర్

పెదనాయన 1970లలో సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నాడు. ఆ రోజుల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్ చేసే అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు చేసే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్, అంతే. ఎన్ని బండ్లు చేయాలనేది లైసెన్సు మీద ఆధారపడి ఉండేది. అందుకే కొత్త ఫియట్ బుక్ చేస్తే ఏళ్ళ తరబడి కాచుకోవాలి. వాడిన బండి కొత్తదానికంటే ఎక్కువ ధర పలికిన రోజులు కూడా ఉన్నాయి.

సొంత కారు ఎందుకంటే, దానికి పెదనాయన చెప్పిన కారణం ఆ సరిహద్దే. ట్యాక్సీ పక్క రాష్ట్రంలోకి పోవాలంటే పర్మిట్ కావాలి. సొంత బండికి ఆ బాధ లేదు. పత్తి సీజన్లో పొద్దున ధర తెలిస్తే మధ్యాహ్నానికి ఆదోనిలో ఉండాలి. రేపు పోతే ఆ ధర ఉండదు.

ఇక అంబాసిడరే ఎందుకంటే, మూడు మాటలు. ఒకటి, బండి ఎత్తు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టిన బండి ఇది. ఇక్కడ 1950ల చివరలో అంబాసిడర్ అయింది. మన గుంతల రోడ్ల మీద దానికి అడుగు తగిలేది కాదు. రెండు, ఏ ఊర్లో ఆగిపోయినా విప్పి బిగించే మెకానిక్ దొరికేవాడు. మూడు, ముందు సీటు బెంచీలాగా ఉండేది, గేరు స్టీరింగు పక్కనే. అందుకని ముందర ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్ళో పిల్లలు. పైగా అవ్వ నడుము వంచకుండా ఎక్కి కూర్చునేది.

పెదనాయన లెక్కల పుస్తకం ఇప్పటికీ ఉంది. గొలుసుకట్టు తెలుగు రాత. నేను చదివింది కన్నడ మీడియం. అచ్చు తెలుగు కూడబలుక్కుని చదువుతాను గానీ ఆ రాత నాకు అంతుబట్టదు. అత్త పక్కన కూర్చుని చదివి చెప్పింది. ఆదోని పోయి రాను 14 లీటర్లు అని చాలాచోట్ల ఉంది. రానుపోను సుమారు 140 కిలోమీటర్లు, అంటే లీటరుకు పది. 1973 తర్వాత ప్రపంచమంతా చమురు ధర పెరిగినప్పుడు ఈ పది అనే అంకె ఇంటికి భారమైంది. ఆ పుస్తకంలో ఆ తర్వాతి పేజీల్లో ప్రయాణాలు తగ్గినాయి, ఒక్క ప్రయాణంలో చుట్టిన ఊర్లు పెరిగినాయి.

నాయన కాలం: మారుతి వ్యాన్

1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చినారు. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. అంబాసిడర్ ఇంజనులో సుమారు సగం, బండి బరువులోనూ దాదాపు అంతే తేడా. ఆ మరుసటి సంవత్సరం అదే ఇంజనుతో వ్యాన్ వచ్చింది. దానికి ఓమ్ని అని పేరు తర్వాత పెట్టినారు, నాయన మాత్రం ఎప్పుడూ 'మారుతి వ్యాన్' అనే అంటాడు.

నాయనకు కావలసింది మనుషుల బండి కాదు, సామాన్ల బండి. వెనక సీటు తీసేస్తే పంపుసెట్లు, పైపులు పట్టేవి. తలుపు పక్కకు జరుపుతారు కాబట్టి ఇరుకు సందుల్లో కూడా సామాన్లు దించుకోవచ్చు. ఆదివారం సీటు మళ్ళీ బిగిస్తే అందరం గుడికి. ఒకే బండి దుకాణానికీ, ఇంటికీ.

ఆ తర్వాత డీజిల్ కాలం వచ్చింది. 1998 చివర్లో టాటా ఇండికా, 2000లో బిడది ఫ్యాక్టరీ నుంచి టొయోటా క్వాలిస్. డీజిల్ ధరను ప్రభుత్వం తక్కువలో ఉంచేది కాబట్టి తిరిగేవాళ్ళందరూ డీజిల్ అన్నారు. మన ఇంట్లో 'తిరిగే పనికి డీజిలే' అనే మాట అప్పుడు పుట్టింది, ఇప్పటికీ చావలేదు.

అదే కాలంలో మన రోడ్లు మారినాయి. ఇనుప ఖనిజానికి చైనాలో గిరాకీ పెరిగి, హొసపేట రోడ్డంతా లారీలే. 2008లో నాయన ఒక అద్దె కారులో రాత్రిపూట వస్తుంటే, లైట్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన లారీకి గుద్దుకుంది. ప్రాణం దక్కింది. కుడి మోకాలు మాత్రం ఆ రోజు నుంచి పూర్తిగా వంగదు. పంపుసెట్ల వ్యాపారం కూడా అక్కడితో సరి. 2011లో సుప్రీం కోర్టు మన జిల్లాలో గనుల తవ్వకం ఆపించింది. అప్పటికి మన ఇంట్లో తిరిగేవాళ్ళే లేరు.

నా వంతు

నాకు ఈ ఉద్యోగం వచ్చిందంటే అమ్మ మొదట వద్దన్నది. జీతం గురించి కాదు, ఆ రోడ్డు గురించి. అందుకే ఈసారి మన ఇంట్లో మైలేజీ కంటే ముందు భద్రత లెక్క వచ్చింది. ఏర్‌బ్యాగులు, ఏబీఎస్, క్రాష్ టెస్టులో ఎన్ని స్టార్లు. ఇవి పెదనాయన కాలంలో అడగడానికి కూడా లేని ప్రశ్నలు.

తర్వాత డీజిల్ సంగతి. 2010లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. రెంటికీ తేడా బాగా తగ్గింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నియమం వచ్చినాక చిన్న కార్లలో డీజిల్ చాలా మటుకు పోయింది. మారుతి వాళ్ళు డీజిల్ పూర్తిగా మానేసినారు. లెక్క ఇలా వేసుకున్నాను. పెట్రోలు లీటరు 100, డీజిల్ 90 అనుకుందాం. నెలకు 2,500 కిలోమీటర్లకు, లీటరుకు 18 ఇచ్చే పెట్రోలు కారుకు సుమారు 13,900 రూపాయలు. 22 ఇచ్చే డీజిల్‌కు 10,200. నెలకు మిగిలేది 3,700. కొనేటప్పుడు డీజిల్‌కు 1,30,000 ఎక్కువ పెడితే అది రాబట్టడానికి మూడేళ్ళు పడుతుంది, సర్వీసు ఖర్చు కలపకుండానే. సీఎన్‌జీ ఇంకా చవక. అయితే సిలిండరు డిక్కీలో చోటు తినేస్తుంది, నాకు ప్రింటర్లు, కేబుళ్ళ పెట్టెలు పెట్టుకోవాలి. మీరు నెలకు ఎంత తిరుగుతారో మొదట రాసుకుని ఈ లెక్క వేసుకోండి, అంకెలు మీవి వేరుగా ఉంటాయి.

చివరికి టాటా పంచ్ పెట్రోలు తీసుకున్నాం. గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో పెద్దవాళ్ళ భద్రతకు 5 స్టార్లు, నేల నుంచి 187 మిల్లీమీటర్ల ఎత్తు. తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. సీటు ఎత్తులో ఉంటుంది కాబట్టి నాయన కాలు మడవకుండా పక్కకు తిరిగి కూర్చోగలిగినాడు. షోరూములో నాలుగు కార్లు ఎక్కి దిగి, ఇందులోనే 'సరే' అన్నాడు. అమ్మ ఒక షరతు పెట్టింది: పొద్దుమునిగినాక హొసపేట రోడ్డు మీద ఉండకూడదు. కంపెనీతో మాట్లాడి, దూరం ఊర్లకు రాత్రి బస రాయించుకున్నాను.

పెదనాయన అంబాసిడర్ ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. 1985 ప్రాంతంలో ఆదోనిలో అమ్మేసినారని మాత్రం తెలుసు. ఆదోని, రాయదుర్గం వైపు ఉన్న మన వాళ్ళలో ఎవరి పెళ్ళి ఆల్బమ్‌లోనైనా ఆ తెల్ల బండి కనిపిస్తే ఫోన్లో ఫొటో తీసి పంపండి. గొలుసుకట్టు చదవగలిగిన పెద్దవాళ్ళు ఎవరైనా బళ్ళారికి వస్తే ఒక పూట ఇంటికి రండి. ఆ పుస్తకంలో ఇంకా నలభై పేజీలు మిగిలి ఉన్నాయి, అత్తకు చూపు తగ్గుతోంది.