ఆకాశం చూపించింది ఎవరు?

మన పెళ్ళిళ్ళలో ఒక తంతు ఉంది. తాళి కట్టాక పెళ్ళికూతుర్ని బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తారు. ముహూర్తం పట్టపగలైనా సరే చూపిస్తారు. కనపడిందా అంటే ఆమె కనపడిందనే తలూపుతుంది. ఆడపిల్లకి సంప్రదాయం పనిగట్టుకుని చూపించే నక్షత్రం బహుశా ఇదొక్కటే. అదైనా నక్షత్రం గురించి చెప్పడానికి కాదు, ఇకమీదట ఎలా మసులుకోవాలో చెప్పడానికి. సప్తర్షి మండలం తోకలో మధ్యన ఉన్న వశిష్ఠుడి పక్కన ఆనీ ఆనకుండా కనిపించే చిన్న చుక్క అరుంధతి. టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరని 17వ శతాబ్దంలోనే తెలిసింది. ఆ ఇద్దరిలో పెద్దది మళ్ళీ జంట నక్షత్రమని 1889లో హార్వర్డ్ వేధశాల డైరెక్టర్ పికరింగ్ ప్రకటించాడు. ఆ జంట ఒకదాని చుట్టూ ఒకటి ఎన్నాళ్ళకి తిరుగుతున్నాయో లెక్కలు కట్టే పనిలో ఉన్నది ఆంటోనియా మోరీ అనే యువతి. 2009లో అరుంధతి పక్కన కూడా మసక మసకగా ఇంకో నక్షత్రం ఉన్నట్టు తేలింది. మొత్తం మీద ఆ ఆదర్శ దాంపత్యంలో ఆరు నక్షత్రాలున్నాయి. పెళ్ళిపందిట్లో ఈ ముక్క చెప్పే పురోహితుడు నాకింతవరకూ తారసపడలేదు.

సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నేను ఈ నక్షత్రాల గొడవలోకి ఎందుకు వచ్చానంటే, కొన్నేళ్ళుగా మాదాపూర్, కొండాపూర్ ప్రాంతాల్లో చిన్నపిల్లలకి సైన్సు చెప్పే టీచర్లతో తిరుగుతున్నాను. మొదట్లో నాకున్న ఆసక్తి భాష మీద. గ్రహం, కక్ష్య, గురుత్వాకర్షణ లాంటి మాటల్ని మూడో తరగతి పిల్లలు ఎలా పలుకుతారు, ఎలా సొంతం చేసుకుంటారు అని. తిరుగుతున్న కొద్దీ ప్రశ్న మారింది. మనకి ఆకాశం ఎవరు చూపించారు? ఎందుకు చూపించారు? చూపించే పనిలో ఎవరి చాకిరీ ఉంది?

సాహిత్యం నుంచే మొదలుపెడతాను, నాకు తెలిసిన దారి అదే గనక. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. అదే ఏడాది గురజాడ ‘ముత్యాల సరాలు’ వచ్చాయి. అందులో భర్త భార్యకి తోకచుక్కని చూపించి, అది అరిష్టం కాదని నచ్చజెప్తాడు. సంఘసంస్కరణకి దాన్ని జెండాగా ఊహిస్తాడు. ఎన్నిసార్లు చదివినా బాగుండే ఊహ అది. కానీ ఆ పద్యంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడండి. తెలిసినవాడు అతను, భయపడేది ఆమె. సంస్కరణ యుగమంతా విజ్ఞానం ఇంట్లోకి భర్త చెయ్యి పట్టుకునే వచ్చింది, లేదా అన్నదమ్ముల చెయ్యి పట్టుకుని. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుకి అక్క భండారు అచ్చమాంబ. స్త్రీల చరిత్ర రాయడానికి అంత శ్రమపడ్డ ఆ మనిషి, తెలుగులో శాస్త్ర గ్రంథాలు వరసగా రావడం మొదలయ్యేసరికి లేదు. 1905లోనే పోయింది. ఉంటే ఏ పుస్తకం రాసేదో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఉపయోగం లేని ఊహే అనుకోండి.

అదే కాలంలో హైదరాబాదులో ఆకాశాన్ని కొలిచే పని నడుస్తోంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి టెలిస్కోపు తెప్పించి మొదలుపెట్టిన నిజామియా వేధశాల తరవాత బేగంపేటకి మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకి వచ్చింది. మొత్తం ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసి, ప్రతి చుక్కనీ కొలిచి పట్టికలెయ్యాలని ప్రపంచంలోని వేధశాలలు ఒప్పందం చేసుకున్నాయి. మన నిజామియాకి దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. వాటికన్ వాళ్ళకి ఇంకో పట్టీ. వాటికన్ పట్టీని కొలిచింది ఎవరనుకున్నారు? నలుగురు నన్స్. 1910 నుంచి 1921 దాకా గాజుపలకల మీద ఒక్కొక్క చుక్కనీ భూతద్దంలో చూసి 4 లక్షల 80 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు చదివి రాయించారు. ఫోటోల్లో కనిపిస్తారు గానీ వాళ్ళ పేర్లు వందేళ్ళదాకా ఎవరికీ పట్టలేదు. 2016లో బయటపడ్డాయి: ఎమిలియా పొంజోని, రెజీనా కొలంబో, కొన్చెత్తా ఫినార్ది, లుయీజా పాంచెరి. పేర్లు ఇక్కడ మొత్తం రాయడం కావాలనే.

నిజామియాలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు టెలిస్కోపుల మధ్య పెరిగి, 1949లో తన పేరున ఒక తోకచుక్కని కనుక్కుని, పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. ఆయనే వైను బప్పు. ఇంట్లో ఆకాశం దొరికిన పిల్లవాడు ఎంత దూరం వెళ్ళగలడో చెప్పడానికి ఈ మాట అంటున్నాను.

మరి ఆడపిల్లకి? ఆకాశంలో అసలైన విశేషం జరిగే రోజునే ఆమెని గదిలో పెట్టి తలుపేస్తారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన పక్కనుంచే పోయింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. మా అమ్మమ్మల తరానికీ, అమ్మల తరానికీ గ్రహణమంటే గుర్తొచ్చేది వేరు. కడుపుతో ఉన్న ఆడది కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. కత్తిపీట ముట్టుకోకూడదు. గోరుతో గోక్కోకూడదు. లేకపోతే బిడ్డకి మొర్రి. పెదవి చీలి పుట్టడానికి మన భాషలో పేరే ‘గ్రహణం మొర్రి’. ఎక్కడో తొమ్మిది కోట్ల మైళ్ళ అవతలి సూర్యుడికి చంద్రుడు అడ్డమొస్తే నేరం తల్లి మీదకి వచ్చేట్టు ఒక మాటలో చట్టం రాసి పెట్టుకున్నాం. మూఢనమ్మకం అని ఒక్కమాటతో తీసిపారేస్తే ఇందులో ఆడవాళ్ళ శరీరం మీదున్న కాపలా కనపడకుండా పోతుంది.

ఈ కాపలా మీద తిరగబడ్డ చరిత్ర కూడా మనకుంది. 1988లో జనవిజ్ఞాన వేదిక మొదలైంది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు ఆ కార్యకర్తలు ఊరూరా తిరిగారు. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. చివరికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా ఉద్యమం గురించి మనం చాలా రాసుకున్నాం. పాఠం ఎలా చెప్పారన్నది అంత రాయలేదు. సొంత జీవితంలోంచి ప్రశ్న పుట్టించి, దాన్ని తరచి తరచి చూడ్డం సైన్సు పాఠం చెప్పే పద్ధతే కదా. స్త్రీల ఆరోగ్యం మీద వచ్చిన పుస్తకానికి ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు పెట్టినవాళ్ళకీ ఈ సంగతి బాగా తెలుసు. సందేహం అడగొచ్చు అన్నదే మొదటి మెట్టు.

బడిలో ఈ పద్ధతికి పెద్ద ప్రయోగం 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైంది. పిల్లలు ప్రయోగం చేసి, చూసి, తామే రాసుకోవాలి. ముప్పై ఏళ్ళు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మన రాష్ట్రంలో బ్రిటన్ సాయంతో వచ్చిన ప్రాథమిక విద్యా పథకాన్ని పాత టీచర్లు ఇప్పటికీ ‘అప్పెప్’ అనే పిలుస్తారు. 80ల్లో చిన్నగా మొదలై 1996 దాకా సాగింది. చేసి నేర్చుకోవడం, పరిసరాలనే వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడలకి తగిలించడం దాని సూత్రాలు. కాగితం మీద చూస్తే ఎవరికి అభ్యంతరం? కానీ అట్టముక్కలు, పూసలు, పుల్లలు ఎవరు సేకరించాలి? ఎప్పుడు కత్తిరించాలి? ఇంట్లో వంటయ్యాక, పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి బోధనోపకరణాలు తయారుచేసిన టీచరమ్మలు ఎందరో నాకు ఆ సంగతి చెప్పారు. మగటీచర్లు చెయ్యలేదనను, వాళ్ళకి ఇంట్లో ఇంకొకరు కత్తిరించిపెట్టారు.

ఇక మా ప్రాంతానికి వస్తాను. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. అంతకు ముందు ఇదంతా బండరాళ్ళు, చెరువులు, పొలాలు. ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ రాళ్ళని పేల్చి, కొట్టి, మోసి అద్దాల మేడలు లేపిన వాళ్ళలో పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇదే రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ పిల్లల్ని పనిలోంచి బడిలోకి తీసుకొచ్చే పని చేసింది. దాని వెనకున్న శాంతా సిన్హా ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసరుగా పనిచేశారు. ఇవాళ ఇదే నగరంలోని స్కైరూట్ అనే కంపెనీ 2022 నవంబరు 18న దేశంలో మొట్టమొదటి ప్రైవేటు రాకెట్టు ఎగరేసింది. గోపన్‌పల్లిలో టాటా వాళ్ళ పరిశోధనా సంస్థ ఉంది. అంతరిక్షం ఇప్పుడు కాంపౌండుగోడ పక్కనే ఉందన్నమాట. గోడకి ఒకవైపున్న బడుల్లో టెలిస్కోపు, రోబోటు కిట్లు. రెండోవైపు తండ్రి మేస్త్రీ, తల్లి ఆ మేడల్లోనే పనిచేసే మనిషి అయిన పిల్లల బడి.

ఆ రెండోవైపు బడిలో చంద్రుడి మీద గుంటల పాఠం చూశాను. భోజనం పళ్ళెంలో గోధుమపిండి పోసి, పైన పల్చగా పసుపు చల్లారు. రకరకాల ఎత్తుల నుంచి గోలీలు వదిలారు. పిండి ఎగిరి పసుపు మీద తెల్లని కిరణాల్లా పడింది. ఎత్తు పెరిగితే గుంట పెద్దదవుతోందని పిల్లలు స్కేలు పెట్టి కొలిచారు. ఒకమ్మాయి గోలీని ఏటవాలుగా విసిరింది, అయినా గుంట గుండ్రంగానే వచ్చింది. ఎందుకని అడిగితే టీచరు జవాబు చెప్పలేదు, ఇంకా ఏటవాలుగా వెయ్యమంది. పిండి, పసుపు ఆ టీచరు ఇంట్లోవే. ఆమె విద్యావలంటీరు. 2020లో బడులు మూతబడ్డాక వలంటీర్ల కొనసాగింపు ఆగిపోయింది. ఆ తరవాత ఆమె ఒక అపార్ట్‌మెంటులో ట్యూషన్లు చెప్పుకుంది.

2019 డిసెంబరు 26 పొద్దున హైదరాబాదులో పాక్షిక సూర్యగ్రహణం. ఆ టీచరూ నేనూ కొండాపూర్ వెనక ఒక బస్తీకి వెళ్ళాం. వేపచెట్టు నీడలో ఆకుల సందుల్లోంచి నేలమీద వందల నెలవంకలు పడ్డాయి. జల్లెడ పట్టుకుంటే ఇంకా బాగా వచ్చాయి. నాలుగో తరగతి పిల్ల ఒకతి జల్లెడ వదిలేసి ఇంటివైపు చూస్తోంది. లోపల ఆమె చిన్నమ్మ ఏడోనెల కడుపుతో పడుకుని ఉంది. టీచరు చిన్న అద్దానికి కాగితం అంటించి మధ్యలో శనగగింజంత కన్నం పెట్టి ఆ పిల్లకిచ్చింది. ఎండలో నిలబడి అద్దాన్ని వంచితే వెలుతురు గుమ్మంలోంచి పోయి చీకటిగదిలో గోడమీద పడింది, రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దగా, ఒకవైపు కొరికేసిన సూర్యుడు.

“చిన్నమ్మా, నువ్వు కదలకు, నీ దగ్గరికే తెచ్చిన” అంది పిల్ల.

ఆమె కదిలింది. లేచి కూర్చుంది. వాళ్ళత్త కూడా వచ్చి గోడ దగ్గర నిలబడి చూసింది. ఎవరూ ఏ నమ్మకాన్నీ వదిలేస్తున్నట్టు ప్రకటించలేదు. గ్రహణం విడిచాక ఇల్లు కడిగారు కూడా.

మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు, 2014 సెప్టెంబరులో, పట్టుచీరలు, తలలో పూలతో నవ్వుతున్న ఆడవాళ్ళ ఫోటో మనమందరం చూసి మురిసిపోయాం. వాళ్ళు పరిపాలనా సిబ్బంది అని తరవాత ఇస్రో చెప్పింది. నందినీ హరినాథ్, రీతూ కరిధాల్ వంటి శాస్త్రవేత్తలు నిజంగానే ఆ పనిలో ఉన్నారని కూడా చెప్పింది. “అయ్యో, గుమాస్తాలేనా” అని నిట్టూర్చిన స్నేహితులున్నారు. నాకు మాత్రం ఆ ఫోటో అంతకన్నా ఎక్కువ నచ్చింది. గాజుపలకలు కొలిచిన నన్స్ కూడా గుమాస్తాలే. పిండీ పసుపూ తెచ్చిన టీచరు పేరు ఏ ప్రాజెక్టు నివేదికలోనూ లేదు.

ఇప్పుడు ఆ బడిలో ఇంకో టీచరమ్మ నీడల పాఠం చేయిస్తోంది. ఖర్చులేని పాఠం, మీటరు కర్ర, సుద్దముక్క చాలు. హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు, మే 9న, ఆగస్టు 3న సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిలువు కర్రకి నీడ ఉండదు. పన్నెండింటికి కాదు, మే నెలలో 12:12కి, ఆగస్టులో 12:23కి. మన గడియారం మనకి తూర్పున నాలుగు డిగ్రీల అవతలున్న రేఖది, డిగ్రీకి నాలుగు నిమిషాలు ఆలస్యం. సూర్యుడు కూడా ఏడాది పొడుగునా గడియారంలా నడవడు, మిగతా తేడా అందువల్ల. మే 9కి బడికి వేసవి సెలవులు. ఆగస్టు 3కి వానాకాలం. అయినా జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి పిల్లలు మధ్యాహ్నం నీడ కొలుస్తారు. జూన్ 21న పదిన్నర సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు. నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనుకున్న పిల్లలు కర్ర తిప్పి మళ్ళీ పాతారు. రోజురోజుకీ నీడ తగ్గుతూ వస్తుంది, ఆగస్టు 3 దాటాక ఉత్తరం వైపు తిరుగుతుంది.

నేను వెళ్ళిన ఏడాది ఆగస్టు 3న పొద్దుటి నుంచీ ముసురు. 12:23కి పిల్లలందరూ కర్ర చుట్టూ గుండ్రంగా నిలబడ్డారు. నీడ లేదు. “సూర్యుడు నెత్తిమీదికి వచ్చినందుకు లేదా, మబ్బు పట్టినందుకు లేదా టీచర్?” అని ఒక పిల్ల అడిగింది. కాసేపు వాదించుకున్నారు. తేదీ, సమయం, నీడ పొడవు అని మూడు గడులున్న పట్టికలో మూడో గడిలో సున్నా వెయ్యకుండా ‘మబ్బు’ అని రాశారు. టీచరు దాని కింద సంతకం పెట్టింది.