ప్రతిజ్ఞ - నిగమనము

ఒక వాదమున ఒకే మాట మొదటను చివరను వచ్చినచో, రెండవది పునరుక్తి యని మనకు తోచుట సహజము. కాని ఆ రెండు మాటలు ఒక్కటేనా? మన దేశపు తార్కికులు శతాబ్దముల తరబడి ఈ ప్రశ్నను చర్చించిరి.

ఒక విషయమును పరులకు నిరూపించి చెప్పునప్పుడు ఆ వాక్యమునకు అయిదు అవయవము లుండవలెనని గౌతముని న్యాయసూత్రములు చెప్పుచున్నవి. దూరమున పొగను చూచినవాడు ప్రక్కవానితో "ఆ కొండపై నిప్పున్నది" అనును. ఇది ప్రతిజ్ఞ; అనగా శపథము కాదు, నిరూపింపదలచిన దానిని ముందుగా ప్రకటించుట. "పొగ యున్నది కనుక" అనుట హేతువు. "పొగ యున్నచోట నిప్పుండును, వంటయింట చూచుచున్నాము గదా" అనుట ఉదాహరణము. "ఈ కొండయు అట్టి పొగ గలదే" అనుట ఉపనయము. "కావున కొండపై నిప్పున్నది" అనుట నిగమనము. మొదటి మాటయే చివరకు వచ్చినది. అయినను మొదట అది సాధింపవలసినది. చివర అది సాధింపబడినది.

అవయవములు పది యని చెప్పినవారును పూర్వ ముండిరి. జిజ్ఞాస, సంశయము మున్నగునవి వారు చేర్చినవి. భాష్యకారుడైన వాత్స్యాయనుడు దీనిని అంగీకరింపలేదు. సంశయము విచారణకు కారణమగును గాని నిరూపణమున భాగము కాదని ఆయన ఆశయము. మీమాంసకులు మొదటి మూడుగాని, చివరి మూడుగాని చాలుననిరి. బౌద్ధులు ఇంకను ముందుకు పోయిరి. ప్రతిజ్ఞను పలికినంత మాత్రమున ఏదియు సిద్ధింపదు గనుక అది సాధనాంగమే కాదని 7వ శతాబ్దివాడైన ధర్మకీర్తి వాదించెను. ఏమి సాధింపబోవుచున్నామో ముందు తెలుపనిచో వినువానికి హేతువు దేనికో తెలియదని నైయాయికుల సమాధానము.

17వ శతాబ్దివాడును ఆంధ్రుడును అగు అన్నంభట్టు బాలురకు సులభముగా బోధపడునట్లు తర్కసంగ్రహమును రచించెను. అందు అనుమానము తనకొరకు, పరులకొరకు అని రెండు విధములు. ఈ అయిదు అవయవములు పరులకు తెలియజెప్పుటకే.

వాక్యమును చూచినంతనే దాని స్థానము తెలియదు. "చెరువు నిండలేదు" అను మాట తీసికొందము. "చెరువు నిండలేదు కనుక ఈ యేడు వరి వేయరాదు" అన్నప్పుడు అది హేతువు. "వానలు కురియలేదు కనుక చెరువు నిండలేదు" అన్నప్పుడు అదే నిగమనము. మాట మారలేదు, అది చేయు పని మారినది.

ఈ వివేకము పండితులకు మాత్రమే కావలసినది కాదు. సభలలో గట్టిగా పలికిన ప్రతిజ్ఞను పదిమారులు వినునప్పటికి అదియే నిగమనమని మనకు భ్రాంతి కలుగును. నడుమ నుండవలసిన హేతూదాహరణములు లేవను సంగతియే మరతుము. రేడియోలో మాటలాడువానిని శ్రోత మధ్యలో ఆపి ప్రశ్నింపజాలడు. కాని ప్రతి మాటకును తన మనస్సులో ఒక ప్రశ్న వేసికొనవచ్చును: ఇది నిరూపించుచున్న మాటయా, నిరూపింపవలసిన మాటయా? ఈ ప్రసంగమునకు సైతము ఆ ప్రశ్న వర్తించును.