భుజం మీది మచ్చ

మొన్న సంక్రాంతికి మనవాళ్ళమంతా కలుసుకున్నప్పుడు మా మనవడు మా ఇద్దరినీ పట్టుకుని ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, నీ భుజం మీదా అమ్మమ్మ భుజం మీదా ఒకేచోట ఆ గుంట ఏమిటి? అమ్మకు లేదే?" అని. క్షయ రాకుండా చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా తాలూకు మచ్చ అని చెప్పాం. "అంటే మీకు టి.బి. వచ్చిందా?" అన్నాడు. రాలేదన్నాం. "అయితే ఇక ఎప్పటికీ రాదన్నమాట!" అన్నాడు. దానికి మాత్రం అవునని గాని కాదని గాని వెంటనే చెప్పలేకపోయాం. పక్కన కూర్చున్న పెద్దలు నలుగురైదుగురు తమ ఎడమ భుజాలు తడుముకోవడం చూశాం. ఆ మచ్చతోనే సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. దాని కథ ఒకసారి చెప్పుకోవడం మంచిదనిపించి ఇది రాస్తున్నాం.

పిల్లవాడు అడిగిన రెండు ప్రశ్నలూ చిన్నవి కావు. మొదటిదానితో మాకు పాత పరిచయమే ఉంది. 1978లో మేము అమెరికా వచ్చిన కొత్తలో, చదువుకు చేరినచోట ఆరోగ్యపరీక్ష అన్నారు. ముంజేతి చర్మంలో సన్నని సూదితో ఏదో ఎక్కించి, రెండు రోజుల తరువాత రమ్మన్నారు. వెళ్ళేసరికి ఇద్దరి చేతులూ ఎర్రగా వాచి గట్టిపడి ఉన్నాయి. బి.సి.జి. వేయించుకున్నామని మచ్చ చూపించినా అక్కడి డాక్టరు చెవిన పెట్టలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా ఏడాదిపాటు రోజూ ఐసోనయజిడ్ మాత్ర మింగమన్నారు. మింగాం. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆ సంగతి రాయలేదు. క్షయ అన్న మాట ఊళ్ళో పొక్కితే ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల సంబంధాలు ఏమవుతాయోనని భయం. ఆ భయం తెలియని ఇల్లు ఆ రోజుల్లో అరుదు.

ఆ చేతివాపు అర్థం కావాలంటే కథ జర్మనీలో మొదలుపెట్టాలి. రాబర్ట్ కాఖ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయకు కారణమైన క్రిమిని పండితుల ముందు పెట్టాడు. 1890లో ఆ క్రిముల నుంచి తీసిన ట్యూబర్క్యులిన్ అనే సారాన్ని రోగానికి మందుగా ప్రకటించాడు. రోగులు బెర్లిన్‌కు బారులు కట్టారు. మందుగా అది పనిచేయలేదు సరిగదా, కొందరి ప్రాణం మీదికి తెచ్చింది. కాని ఆ ఓటమిలోంచే పనికొచ్చే సంగతి ఒకటి బయటపడింది. క్షయ క్రిమి ఒకసారి ఒంట్లో ప్రవేశించినవారికి ఆ సారం తగిలితే చర్మం వాస్తుంది, ప్రవేశించనివారికి వాయదు. 1907లో వియన్నాలో ఫాన్ పిర్కే, 1908లో ఫ్రాన్సులో మాంటూ దీన్ని పరీక్షగా మలిచారు. మా చేతికి పొడిచింది ఆ మాంటూ పరీక్షే.

అసలు ఎందుకు వాయాలి? కొన్ని రోగాల్లో రక్తపు సీరంలోని ప్రతిరక్షకాలు శరీరాన్ని కాపాడతాయని అప్పటికే తెలుసు. ఇక్కడ సంగతి వేరని 1945లో తేలింది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో మెరిల్ చేజ్ అనే శాస్త్రజ్ఞుడు, ట్యూబర్క్యులిన్‌కు వాచే గినీపందుల నుంచి తెల్లకణాలు తీసి వేరే గినీపందులకు ఎక్కించాడు. వాటికీ ఆ గుణం వచ్చింది. సీరం ఎక్కిస్తే రాలేదు. అంటే క్షయను ఎదుర్కొనే పని ముఖ్యంగా కణాలదన్నమాట.

ఆ పని జరిగే తీరు ఇప్పుడు చాలావరకు తెలిసింది. ఊపిరితో లోపలికి పోయిన క్రిమిని మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్లకణం మింగుతుంది. మామూలు క్రిమి అయితే అక్కడే అరిగిపోతుంది. క్షయ క్రిమికి మైనంలాంటి పొర ఉంది. అది తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. కొన్ని వారాలకు టి కణాలు దాని ఆనవాలు నేర్చుకుని వచ్చి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థంతో మాక్రోఫేజ్‌లను ఉసిగొల్పుతాయి. అన్నీ కలిసి క్రిముల చుట్టూ గోడ కట్టినట్టు చిన్న గడ్డగా ఏర్పడతాయి. దాన్నే గ్రాన్యులోమా అంటారు. లోపలి క్రిములు చచ్చిపోవచ్చు, లేదా ఏళ్ళ తరబడి ఊరకే పడి ఉండవచ్చు. మామూలుగా క్రిమి సోకినవారిలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితంలో ఎప్పుడో జబ్బు పైకి వస్తుంది. తిండిలేమి, మధుమేహం, హెచ్.ఐ.వి., వార్ధక్యం గోడను బలహీనపరుస్తాయి. కనుక చేయి వాచిందంటే టి కణాలకు ఈ శత్రువు ముఖం తెలుసునని అర్థం. అంతమాత్రాన జబ్బు ఉందని కాదు. అయితే ఆ ముఖం అసలు శత్రువుదా, టీకాలోని దాని చుట్టానిదా అన్నది మాంటూ పరీక్ష చెప్పలేదు. మా డాక్టరు చిక్కు, మా చిక్కు కూడా అదే.

ఆ చుట్టం కథ ఫ్రాన్సులోని లీల్ పట్టణానిది. అక్కడి పాస్టర్ సంస్థలో ఆల్బర్ట్ కాల్మెట్ అనే డాక్టరు, కమీల్ గెరాన్ అనే పశువైద్యుడు 1908లో ఆవుల క్షయ క్రిమిని పెంచడం మొదలుపెట్టారు. ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద, గ్లిసరిన్, పిత్తరసం చేర్చి పెంచేవారు. సుమారు మూడు వారాలకొకసారి కొత్త ముక్కల మీదికి మార్చేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో లీల్ జర్మన్ సైన్యం చేతిలో ఉన్న సంవత్సరాల్లోనూ ఆ పని మానలేదు. 13 ఏళ్ళలో 230 సార్లు మార్చేసరికి క్రిమి రోగం తెచ్చే శక్తి కోల్పోయింది. ఇద్దరి పేర్లూ కలిపి దానికి బి.సి.జి. అని పేరు వచ్చింది. 1921లో పారిస్‌లో, ప్రసవం తరువాత తల్లి క్షయతో చనిపోయిన ఒక పసిబిడ్డకు దాన్ని మొదటిసారి నోటిద్వారా ఇచ్చారు. బిడ్డ ఆరోగ్యంగా పెరిగింది.

తరువాత ఘోరం ఒకటి జరిగింది. 1929–30లో జర్మనీలోని ల్యూబెక్‌లో టీకా తీసుకున్న సుమారు 250 మంది పసివాళ్ళలో 70 మందికి పైగా చనిపోయారు. స్థానిక ప్రయోగశాలలో టీకాలో అసలు క్షయ క్రిమి కలిసిపోయిందని విచారణలో తేలింది. టీకా నిర్దోషి అయినా అపనమ్మకం చాలాకాలం పోలేదు. ఆ విషాదంలోనే మరొకటి కూడా కనబడింది. అసలు క్రిమినే మింగిన పిల్లల్లో చాలామంది తమ ఒంటి శక్తితోనే కోలుకున్నారు.

ఇక మన గడ్డకు వద్దాం. నాడు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం పేరు మనలో వినని పెద్దలు తక్కువ. డేనిష్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ దాన్ని నడిపాడు. అక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైనది 1948లో ఆ మదనపల్లెలోనే. మద్రాసులోని గిండీలో టీకా తయారీ ప్రారంభమైంది. 1951 నుంచి దేశమంతటా బృందాలు బయలుదేరాయి. ముందు చేతికి ట్యూబర్క్యులిన్ పొడిచి, మూడో రోజున వచ్చి చూసి, వాపు రానివారికి టీకా వేసేవారు. బడి వరండాలో చొక్కా చేయి పైకి మడుచుకుని నిలబడ్డ వరుస మనలో కొందరికి ఇంకా గుర్తుండాలి.

అందరూ హర్షించలేదు. 1955లో రాజాజీ ఈ టీకాను తాను ఎందుకు వ్యతిరేకిస్తున్నదీ పుస్తకంగానే రాశారు. రుజువు చాలని మందును కోట్లమంది పిల్లల ఒంట్లోకి ఎక్కించవచ్చునా అన్నది ఆయన వాదం సారాంశం. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళు దాన్ని చాదస్తమన్నారు. ఆయన భయాలన్నీ నిజం కాలేదు. టీకా పిల్లలకు ఆ విధమైన హాని చేయలేదు. కాని రుజువు ఏదన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

ఆ రుజువు దేశానికొక తీరుగా వచ్చింది. ఇంగ్లండులో 1950లో మొదలుపెట్టి 50,000కు పైగా బడిపిల్లలను గమనిస్తే నూటికి దాదాపు 80 పాళ్ళ రక్షణ కనిపించింది. అమెరికాలో జార్జియా, అలబామా రాష్ట్రాల్లో చూస్తే రక్షణ లేనట్టే లెక్క. మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో క్రిస్టియన్ గారి కుమారుడు యొహానెస్ ఫ్రిమొట్-మోలర్ నడిపిన పరీక్షలో కొంత రక్షణ కనబడింది గాని, ఇంగ్లండులో ఉన్నంత లేదు. ఇక తేల్చుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ కలిసి 1968లో మద్రాసు పక్కనున్న చెంగల్పట్టు జిల్లాలో మహా పరీక్ష ఒకటి మొదలుపెట్టాయి. 200కు పైగా గ్రామాలు, కొన్ని పట్టణాలు, సుమారు 3,60,000 జనాభా. కొందరికి టీకా, కొందరికి ఉత్త ద్రవం. ఎవరికి ఏది వేశారో పరీక్షించేవారికి తెలియదు. ఏడున్నరేళ్ళు గమనించి 1979లో ఫలితం ప్రకటించారు. ఊపిరితిత్తుల క్షయ నుంచి టీకా కాపాడలేదు. పదిహేనేళ్ళు చూసినా మాట మారలేదు.

ఆ ఫలితం ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. కాని దాచకుండా లోకానికి చెప్పారు. మన దక్షిణాది పల్లెజనం చేతులు చాపి ఇచ్చిన ఆ "లేదు" అన్న జవాబు, తరువాతి పరిశోధనకంతటికీ ప్రశ్నగా నిలిచింది. ఇంగ్లండులో పనిచేసినది ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? వేడి దేశాల మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి దూరపు బంధువులైన క్రిములు విస్తారంగా ఉంటాయి. పొలం గట్టున పెరిగిన బిడ్డ ఒంటికి వాటి పరిచయం ముందే ఉంటుంది. దానివల్ల కొంత రక్షణ అప్పటికే వచ్చి ఉండటమో, టీకా క్రిమిని శరీరం త్వరగా తుడిచేయడమో జరిగి, టీకా కొత్తగా చేసే మేలు కనబడదన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పూర్తి జవాబు ఇంకా రాలేదు.

మరి టీకా దండగేనా? కాదు. పుట్టిన వెంటనే వేస్తే, మట్టి పరిచయం కాకముందే, అది పసివాళ్ళను మెదడుపొరల క్షయ నుంచి, ఒళ్ళంతా పాకే క్షయ నుంచి బాగా కాపాడుతుంది. 2006లో అనేక పరిశీలనలు కలిపి లెక్కకడితే ఆ రక్షణ నూటికి 73 నుంచి 77 పాళ్ళని తేలింది. అందుకే భారతదేశంలో పుట్టిన బిడ్డలకు ఇప్పటికీ వేస్తున్నారు. అమెరికాలో క్షయ తక్కువ. పైగా అందరికీ టీకా వేస్తే మాంటూ పరీక్ష ఎందుకూ పనికిరాకుండా పోతుంది. అందుకని వీళ్ళు మొదటినుంచీ టీకా వద్దనుకుని పరీక్షనే నమ్ముకున్నారు. మా అమ్మాయి భుజం నున్నగా ఉండటానికి కారణం అదే.

కథలో చివరి మలుపు 1996లో వచ్చింది. లీల్‌లో బంగాళాదుంపల మీద పెరిగిన ఆ 13 ఏళ్ళలో క్రిమి పోగొట్టుకున్న జన్యుభాగం ఏదో కనిపెట్టారు. రోగశక్తిలో ముఖ్యభాగం అక్కడే ఉంది. ఆ భాగం తయారుచేసే ప్రోటీన్లు అసలు క్షయ క్రిమిలో ఉంటాయి, బి.సి.జి.లో ఉండవు. వాటిని మన రక్తంలోని టి కణాలకు చూపించి, ఇంటర్‌ఫెరాన్ గామా విడుదలవుతుందా అని చూసే పరీక్ష 2000 తరువాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. మాంటూ చెప్పలేని తేడాను అది చెబుతుంది.

ఆమధ్య అమ్మమ్మగారి కీళ్ళవాతానికి కొత్త మందు మొదలుపెట్టేముందు ఆ రక్తపరీక్ష అడిగారు. ఆ రకపు మందు లోపలి గోడను సడలించగలదు కాబట్టి ముందే చూసుకుంటారు. పనిలోపనిగా ఇద్దరం చేయించుకున్నాం. అమ్మమ్మగారికి లేదని వచ్చింది. తాతగారికి ఉందని వచ్చింది. అంటే 1978లో ఒకరు బహుశా టీకా పుణ్యాన ఏడాది మాత్రలు మింగారు, ఒకరు అవసరం ఉండే మింగారు. ఇన్నేళ్ళుగా మేము విసుక్కున్న ఆ డాక్టరు మాట సగం నిజమే. ఆనాడు ఉత్తరాల్లో దాచిన సంగతిని ఈనాడు ఇలా అచ్చులో పెట్టడానికి మాకు ఏ జంకూ లేదు.

2023లో ప్రపంచంలో సుమారు కోటీ ఎనిమిది లక్షల మందికి కొత్తగా క్షయ వచ్చింది. వారిలో నాలుగో వంతుకు పైగా భారతదేశంలోనివారే. పెద్దలను కాపాడే టీకా కోసం వెదుకులాట సాగుతూనే ఉంది. ఎం72 అనే టీకా, క్రిమి సోకిన పెద్దల్లో జబ్బును దాదాపు సగానికి తగ్గించినట్టు 2019లో ప్రకటించారు. దాని పెద్ద పరీక్ష 2024లో దక్షిణాఫ్రికాలో మొదలైంది.

మనవడికి ఇప్పుడు జవాబు చెప్పగలం. ఆ మచ్చ జబ్బుకు గుర్తు కాదు, జబ్బు రాదన్న హామీ కూడా కాదు. పసితనంలో కాసిన కాపలాకు గుర్తు. కాబట్టి ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు రెండు మూడు వారాలు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, ఒళ్ళు తగ్గడం కనిపిస్తే, "చిన్నప్పుడు టీకా వేశారులే" అని ఊరుకోవద్దు. ఎవరేమనుకుంటారోనని దాచవద్దు. మందుతో నయమయ్యే జబ్బు అది. పరీక్ష చేయించుకోమన్నప్పుడు బి.సి.జి. సంగతి చెప్పి, రక్తపరీక్ష అడగండి. పిల్లలు మచ్చ చూసి అడిగితే ఈ కథంతా చెప్పండి.