రంగం దారి – ఒక రాయబారి కలం

మా వైపు పెద్దవాళ్ళు "ఫలానావాడు రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, భీమునిపట్నం లాంటి రేవుల్లో ఓడెక్కి, కూలిచేసి నాలుగు డబ్బులు వెనకేసుకుందామని బర్మా వెళ్ళినవారు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎందరో. 1931 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో భారతీయులు సుమారు పది లక్షలు. వారిలో తెలుగువారు లక్షన్నర దాకా ఉండేవారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ వశమైంది. లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశం దారి పట్టారు. ఆకలికి, కలరాకు, మలేరియాకు వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. నా చిన్నతనంలో మా వీధిలో ఒక దాదీ ఉండేది, పసిపిల్లగా ఆ దారిన వచ్చినావిడ. ఎంత అడిగినా "నడిచాం బేటా, నడిచాం" అనేది, అంతే. తక్కిన కథ ఆవిడతోనే మట్టిలో కలిసిపోయింది.

రెండేళ్ళకు, 1944లో, ఆ సరిహద్దు కొండల్లోనే మరో నడక జరిగింది. ఇంఫాల్ దగ్గర ఓడి వెనుదిరిగిన ఆజాద్ హింద్ ఫౌజు నడక అది. దానికి మాత్రం ఒక రచయిత దొరికాడు. ఆయన మన హైదరాబాదులో 1911లో పుట్టిన ఆబిద్ హసన్.

ఇంజనీరింగు చదువుకని జర్మనీ వెళ్ళిన ఆబిద్ హసన్ అక్కడ నేతాజీకి కార్యదర్శి అయ్యారు. 1943లో జలాంతర్గామిలో సుమారు మూడు నెలలు నేతాజీతో ప్రయాణించి తూర్పు ఆసియా చేరారు. 'జై హింద్' అనే పలకరింపును సూచించింది ఆయనేనని ప్రసిద్ధి. మత సామరస్యానికి గుర్తుగా కాషాయ రంగును తెలిపే 'సఫ్రానీ' అనే మాటను తన పేరుకు చేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక ఖైదు అనుభవించారు. స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్కులో రాయబారిగా కూడా పనిచేసి, 1969లో పదవీ విరమణ చేశారు. 1984లో కన్నుమూశారు.

అంత పదవి చేసినవారు విశ్రాంతిలో ఏం రాయాలి? దొరల విందుల గురించి రాయవచ్చు గదా! ఆయన అది రాయలేదు. వానలో, బురదలో, జ్వరాలతో, అరకడుపుతో బర్మా అడవుల గుండా తిరిగొచ్చిన జవాన్లను తలచుకుని 'ద మెన్ ఫ్రమ్ ఇంఫాల్' అనే చిన్న పుస్తకం రాశారు. రకరకాల ప్రాంతాలవాళ్ళు, హిందువులు, ముస్లింలు, సిక్కులు ఒకరికొకరు ఆసరాగా నడిచిన కథ అది. గెలిచినవారి చరిత్రలో ఓడినవారి అడుగులు కనిపించవు. వాటిని ఆయన నిలబెట్టారు.

అయితే ఇందులో ఒక చిక్కుంది, దాచకూడదు. ఆ ఫౌజుకు తోడునిలిచిన జపానే రంగూన్‌పైనా, 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నంపైనా బాంబులు వేసింది. జవాను కన్ను చూసిన బర్మా వేరు, పిల్లలను భుజాన వేసుకుని పారిపోయిన కూలి చూసిన బర్మా వేరు. మొదటిదానికి పుస్తకం ఉంది. రెండోదాన్ని మా దాదీ రెండు మాటల్లో చెప్పి పోయింది.

ఆ దేశానికి నేటికీ నెమ్మది లేదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అంతర్యుద్ధం ముదిరి, మళ్ళీ లక్షలమంది ఇళ్ళు వదిలారు. వార్త చదివి మనం పేజీ తిప్పేస్తాం. కానీ ఆ దారిన మన తాతలూ నడిచారని తెలిస్తే అంత తేలిగ్గా తిప్పగలమా?

కాబట్టి సంఘ సభ్యులకు ఒక మాస్టరుగా నా మనవి. రాయడానికి రాయబారే కానక్కరలేదు. మీ ఇంట్లో రంగం మాట ఎత్తే ముసలివారు ఎవరైనా ఉంటే, ఒక పూట పక్కన కూర్చోండి. ఉర్దూలో చెబితే ఉర్దూలో, తెలుగులో చెబితే తెలుగులో, ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. నేను ఆలస్యం చేసి పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి.