కాలికి అలవడిన తోలు: తిరువూరు మెట్టసీమలో కిర్రు చెప్పుల చరిత్ర

1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక దిగువనున్న డెల్టా కాలువల కింద మాగాణిగా మారగా, ఎగువన ఆ నీరు ఎక్కని తిరువూరు, నందిగామ, నూజివీడు ప్రాంతాలు వానను, బావిని నమ్ముకొన్న మెట్టసీమగానే చాలాకాలం మిగిలిపోయాయి. ఈ తేడా పంటలతో, ఆస్తులతో ఆగలేదు. మనుషుల కాళ్ల దాకా వచ్చింది. ఏడాదిలో చాలా నెలలు బురదలో దిగి పనిచేసే డెల్టా రైతుకు పొలంలో చెప్పు అడ్డమే కాగా, గులకరాళ్లతో నిండిన ఎర్రనేలల్లోనూ, ఎండకు నెర్రెలిచ్చిన రేగడిలోనూ, తుమ్మముళ్లు, రేగుముళ్లు, పల్లేరుకాయలు పరచుకొన్న డొంకల్లోనూ తిరగవలసిన మెట్టరైతుకు అది నాగలితో, గొడ్డలితో సమానమైన పనిముట్టు. నిజాం ఏలుబడిలోని ఖమ్మం వైపు సరిహద్దుకు ఆనుకొని ఉన్న తిరువూరు మీదుగా పశువుల వెంట, బండ్ల వెంట సాగిన నడకకు కూడా దిటవైన పాదరక్ష తప్పనిసరి అయింది. ఆ అవసరం నుంచి పుట్టి, తెలుగు మెట్టప్రాంతాలన్నిటా వాడుకలో ఉండిన వస్తువే కిర్రు చెప్పులు.

కిర్రు చెప్పు అంటే గేదెతోలు పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, దారంతో గాక సన్నగా కోసిన తోలువారుతో కుట్టిన బరువైన చెప్పు. పాదం కింద ఉండే దళసరి భాగాన్ని అట్ట అంటారు. బొటనవేలు దూర్చే తోలు ఉంగరాన్ని ఉంగటం అంటారు. అడుగు వేసినప్పుడు పొరలు ఒరుసుకొని చేసే శబ్దమే ఆ చెప్పుకు పేరు తెచ్చింది. దీనిని కుట్టడానికి వాడే పనిముట్లు కొద్దివే. తోలును కోయడానికీ, చెక్కి పలుచన చేయడానికీ వాడే వెడల్పాటి కత్తి రంపె. వారు దూర్చడానికి బెజ్జం వేసే మొనదేలిన సాధనం ఆరె. ఇంత తక్కువ సరంజామాతో, కాగితంపై ఏ కొలతా రాసుకోకుండా, పాదాన్ని ఒకసారి చూసి, తోలుపై నిలబెట్టి గీత గీసి, ఒకే మనిషికి మాత్రమే సరిపోయే జోడును తయారుచేయగలగడం గొప్ప నైపుణ్యం. వేరే దేశాలలో కొలతకు కుట్టే బూట్ల పనివారు ఒక్కొక్క ఖాతాదారు పాదానికి ఒక్కొక్క చెక్క అచ్చును చేసి దాచుకొంటారు. ఇక్కడ ఆ అచ్చు పనివాని జ్ఞాపకంలో ఉండేది.

అయితే ఆ జోడు మన్నిక కుట్టుపనిలో కన్నా ముందు తోలు ఊనడంలో, అంటే పచ్చితోలును కుళ్లిపోని పదార్థంగా మార్చే ప్రక్రియలో నిర్ణయమయ్యేది. మాదిగ గూడెంలో తోళ్లు నానబెట్టే గుంతను లంద అనేవారు. మొదట సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలను, లోపలి మాంసపు పొరను గీకివేసి, కడిగి సున్నం పోగొట్టిన తరువాత తోలును తంగేడు చెక్క, అంటే తంగేడు బెరడు ఊరిన నీటిలో వారాల తరబడి ఉంచేవారు. తోలునే సంచిలా కుట్టి, అందులో బెరడు నింపి, నీరు పోసి వేలాడదీసే పద్ధతి కూడా దేశంలో పలుచోట్ల ఉండేది. మెట్టభూముల్లో ఎవరూ నాటకుండానే పెరిగే తంగేడు బెరడులో టానిన్ అనే వగరు పదార్థం సమృద్ధిగా ఉంటుంది. తోలులో అల్లుకొని ఉన్న కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను ఈ టానిన్ పట్టుకొని, నీటికీ సూక్ష్మజీవులకూ లొంగకుండా చేస్తుంది. తంగేడుతో ఊనిన తోలు వెలుతురు తగిలితే క్రమంగా ఎర్రబారుతుంది గనుక, రంగు నిలవవలసిన సరుకును చివర కరక్కాయ నీటిలో ముంచేవారు. బతుకమ్మలో పేర్చే పూలలో ఒకటిగా ఎక్కువమందికి తెలిసిన ఈ పొద, 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గుర్తింపు పొందిన ఈ పొద, దక్షిణాది తోలు వృత్తికంతటికీ ఆధారమైందన్న సంగతి ఇంకా విస్తృతంగా తెలియవలసి ఉంది.

కొత్త జోడును కాలికి అలవాటు చేసుకోవడం ఈ రసాయనంతోనే ముడిపడి ఉంది. బెరడుతో ఊనిన దళసరి తోలు మొదట బిరుసుగా ఉంటుంది; కానీ తడి, వేడి, ఒత్తిడి కలిసి తగిలినప్పుడు దాని పోగులు జరిగి, ఆరిన తరువాత ఆ కొత్త రూపంలోనే నిలిచిపోతాయి. కాలి చెమట, శరీరపు వేడి, నడిచే మనిషి బరువు ఈ మూడింటినీ సమకూరుస్తాయి గనుక, కొన్ని వారాలలో అట్టపై మడమ గుంట, వేళ్ల ముద్రలు స్పష్టంగా పడతాయి. ఈలోగా ఉంగటం ఒరిసి వేలి సందున పుండు పడడం, వారు రాసుకొని పాదం పైభాగం కమిలిపోవడం మామూలే. చెప్పు కరిచింది అని తెలుగువారు చెప్పుకొనే బాధ ఇదే. దీనికి విరుగుడు ఆముదం. చిక్కని ఆ నూనె తోలులోకి ఇంకి, పోగులు ఒకదానిపై ఒకటి జారేలా చేస్తుంది. తేమను త్వరగా పోనివ్వదు. ఎండలో పగుళ్లు రానివ్వదు. కొత్త చెప్పును మొదటి రోజే పొలానికి తొడుక్కుపోకుండా, ఆముదం పట్టించి, ఇంటి దగ్గర కొద్దిసేపు తొడిగి, బిగుతైన ఉంగటాన్ని వదులు చేయించుకొని, ఆ తరువాతనే దూరపు నడకకు వాడేవారు. ఒకసారి అలవడిన జోడు మరొకరి కాలికి సరిపడదు. నేడు ఖరీదైన చేతికుట్టు బూట్లను కొనేవారు కోరుకొనే లక్షణం కూడా సరిగ్గా ఇదే: పాదం ఆనే లోపలి అట్టకు బెరడుతో ఊనిన తోలును వాడి, దాని కింద బెండుపొరను పరచిన బూటు, మొదట కాలిని నొప్పించినా, క్రమంగా తొడిగేవారి పాదముద్రను తనలో నిలుపుకొంటుంది.

ఈ కొత్త చెప్పు కరిచినప్పుడు దానిని సరిచేయవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న దగ్గర ఈ చరిత్ర వస్తువు నుంచి మనుషుల వైపు తిరుగుతుంది. పల్లెలో చెప్పులను కొనేవారు కారు. చెప్పులు, ఎడ్లకు కావలసిన తోలువార్లు, బావి నుంచి ఎడ్లతో నీరు తోడే మోటకు కట్టే తోలుబాన, దాని తొండం, వీటన్నిటినీ ఏడాది పొడుగునా చేసిపెట్టి, చెడినప్పుడల్లా బాగుచేసినందుకు మాదిగ కుటుంబాలకు రైతులు పంటకాలంలో కళ్లం దగ్గర ధాన్యం కొలిచేవారు. ఈ వార్షిక వాటాకు మేర అని పేరు. చచ్చిన పశువు తోలు కూడా ఆ సేవకు జతపడిన హక్కుగానే వారికి చెందేది. ఒక జోడు వెనుక ఇంత దీర్ఘమైన బాధ్యత ఉండడం వల్లనే అది బాగా కుదిరేది, ఏళ్ల తరబడి మన్నేది. కానీ ఈ ఏర్పాటును గ్రామీణ సామరస్యంగా వర్ణించే రచనలు అందులోని అన్యాయాన్ని దాచిపెడతాయి. కళ్లంలో ఎంత ధాన్యం కొలవాలో నిర్ణయించేది కొలిచేవారే. చెప్పు కుట్టిన మనిషి అగ్రకులాల వీధిలో చెప్పులు తొడుక్కొని నడవడానికి అనేక గ్రామాలలో అనుమతి లేదు. వాటిని విప్పి చేతపట్టుకొని వెళ్లవలసి వచ్చేది. ఆసామి రాకను దూరం నుంచే తెలిపే కిర్రుమన్న చప్పుడు ఒకరికి హోదా, మరొకరికి పక్కకు తప్పుకోవలసిన సూచన. తోలు ముట్టడమే అశుచి అన్న సమాజం తోలుచెప్పును మాత్రం కాలి నుంచి వదలలేదు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యానికి చెప్పులు కుట్టే కులంలో పుట్టిన నిరుపేదను నాయకుడిగా నిలపడం ఈ వైరుధ్యాన్ని తెలుగు సాహిత్యపు నడిమధ్యకు తెచ్చింది.

మేర కట్టుబాటును మొదట కదిలించింది సంస్కరణ కాదు, బూటు. 1840ల ప్రాంతంలో పుదుచ్చేరిలో చార్లెస్ ద సుసాన్ అనే వ్యాపారి తంగేడు ఊనకాన్ని మెరుగుపరచగా, ఆ పద్ధతి మద్రాసు రాజధాని అంతటా వ్యాపించి, సగం సిద్ధమైన తోళ్లు ఈస్టిండియా కిప్పులు అనే పేరుతో ఇంగ్లండుకు ఎగుమతి కాసాగాయి. కిప్పు అంటే ఇక్కడి చిన్న పశువుల తేలికపాటి తోలు. అక్కడ అవి బూట్ల పైభాగాలకూ, లోపలి పొరలకూ పనికివచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 నుంచి, సైనికుల బూట్ల కోసం ఈ తోళ్ల వ్యాపారాన్ని ప్రభుత్వం తన అదుపులోకి తీసుకొంది. ఫలితంగా పల్లెలో ధర లేని హక్కుగా ఉన్న తోలు పట్టణ వర్తకుల చేతిలో ధర పలికే సరుకైంది. చచ్చిన పశువు తోలు ఎవరిదన్న తగవులు మొదలయ్యాయి. లందలో ఊనిన తోలుతో తన ఊరికే చెప్పులు కుట్టే పనివానికి ముడిసరుకు ప్రియమైంది. యుద్ధానికి ముందే మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి 1903లో క్రోము లవణాలతో తోలు ఊనే ప్రయోగాలు ప్రారంభించి, నీటిలో నానినా త్వరగా చెడని ఆ తోలును మోటబానలకు వాడించే ప్రయత్నం చేశాడు. క్రోము తోలు వారాల పనిని రోజులకు తగ్గించింది, మెత్తదనాన్ని ఇచ్చింది. కాని ఒత్తిడి తీరగానే తిరిగి మొదటి ఆకారానికి వచ్చే గుణం ఉన్నందున, బెరడుతోలు లాగా పాదం ముద్రను నిలుపుకోలేదు. చెప్పు కరవడం తగ్గింది. చెప్పు కాలిదిగా మారడమూ తగ్గింది.

తిరువూరు ప్రాంతంలో ఆ వృత్తి తరగడానికి నీరు మరొక కారణం. 1967లో నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీరు వదలడం, ఎడమ కాలువ క్రమంగా ఈ మెట్టవైపు సాగడం, బావులకు ఆయిలు ఇంజన్లు, కరెంటు మోటార్లు రావడంతో మోట ఆగిపోయింది. మోట పోవడంతో రైతు ఇంటికి, గూడేనికి మధ్య ఉండిన అతి ముఖ్యమైన పని సంబంధం తెగిపోయింది. చెప్పు ఒక్కటే మేరను నిలబెట్టలేకపోయింది. రబ్బరు హవాయి చెప్పు, పాత టైరుతో కోసిన చెప్పు చౌకగా దొరికాయి; వాటిని అలవాటు చేసుకోవలసిన పని లేదు, పాడైతే తెచ్చినవానిని అడగవలసిన పనీ లేదు. కట్టుబాటు నుంచి విడుదలను, ఉపాధి పోగొట్టుకోవడాన్ని ఒకే తరం ఒకేసారి అనుభవించింది. మొదటిది నిస్సందేహంగా మంచిది. రెండవదానికి పరిహారం మాత్రం తగినంత జరగలేదు.

తోలు పరిజ్ఞానాన్ని గూడెం నుంచి ప్రయోగశాలకు తీసుకువెళ్లిన చరిత్రలో తెలుగువాని పేరే ముందు నిలుస్తుంది. 1922లో తెనాలి సమీపంలోని యలవర్రులో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, కులం కట్టిన గోడను లెక్కచేయక తోలు రసాయనాన్ని చదువుగా ఎంచుకొని, 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు సంచాలకుడిగా పనిచేశాడు. పచ్చితోలు, సగం ఊనిన తోలు ఎగుమతి చేసి తృప్తిపడే దేశం పూర్తిగా తయారైన వస్తువులను అమ్మగలగాలని ఆయన వాదించాడు. 1985లో కనిష్క విమాన విస్ఫోటనంలో మరణించే నాటికి ఆ మార్పు చాలావరకు కళ్లెదుటికి వచ్చింది. తడ సమీపంలోని అపాచీ కర్మాగారంలో నేడు పరదేశీ కంపెనీల బూట్లు తయారవుతున్నాయి. కాని అక్కడి వరుసల్లో నిలబడి కుట్టే కార్మికురాలికి ఆ జోడు ఎవరి కాలికి చేరుతుందో తెలియదు, అది కరిచిందన్న కబురు ఆమెకు ఎన్నడూ అందదు.

చేతిపనిని చేసినవారి పేరుతో నిలిపే దారి ఒకటి ఉంది. మహారాష్ట్ర, కర్ణాటకలలోని ఎనిమిది జిల్లాల కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025లో మిలాన్‌లో ప్రాడా సంస్థ అటువంటి చెప్పులనే మూలం చెప్పకుండా ప్రదర్శించినప్పుడు, అక్కడి పనివారి పక్షాన గట్టిగా మాట్లాడడానికి ఆ నమోదు ఆధారమైంది. అటువంటి నమోదుకు స్థలం, ముడిసరుకు, పనితీరు, పరంపర రుజువు కావాలి. మెట్టసీమ కిర్రు చెప్పుకు తంగేడు ఉంది, గేదెతోలు ఉంది, లంద నుంచి ఉంగటం దాకా ప్రతి దశకూ సొంత పద్ధతి ఉంది. ఆ పనిని కళ్లారా చూసిన, చేతులారా చేసిన వృద్ధులు గూడేలలో ఉన్నంతకాలమే దానిని వారి నోట, వారి పేర్లతో నమోదు చేయడం సాధ్యం.