రుజువు ఎవరు చూపాలి? ఫరీదాబాద్ క్వారీల కేసు

1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడికి మాత్రం అది వర్తించదని ఆ చట్టంలోనే రాసుకుంది. మన దేశానికి పదేళ్లు ఆలస్యంగా, 1843లో మరో చట్టం వచ్చింది. మనిషిని ఆస్తిగా గుర్తించవద్దని అది కోర్టులకు చెప్పింది గానీ, అప్పు పేరుతో మనిషిని కట్టిపడేసే పద్ధతి జోలికి పోలేదు. 1926లో నానాజాతి సమితి బానిసత్వానికి ఇచ్చిన నిర్వచనంలోనూ అప్పు ప్రస్తావన లేదు. అప్పు కింద చేయించే చాకిరీని ఐక్యరాజ్యసమితి 1956 ఒప్పందంలో పేరు పెట్టి మరీ నిషేధించారు. భారత్ దాన్ని 1960లో ఆమోదించింది. మన రాజ్యాంగం 23వ అధికరణం అప్పటికే వెట్టిని నిషేధించినా, అప్పులు రద్దుచేసి యజమానిని శిక్షించే చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సివచ్చింది.

ఆ చట్టానికి అసలు పరీక్ష ఢిల్లీ పక్కనే జరిగింది. ఫరీదాబాద్ దగ్గరి అనంగ్‌పూర్, లక్కడ్‌పూర్ రాతి క్వారీల్లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు రాయి కొడుతుండేవి. వాళ్ల గోడు బయటపెట్టింది బంధువా ముక్తి మోర్చా. 1981లో దాన్ని స్థాపించిన స్వామి అగ్నివేశ్ మన శ్రీకాకుళంలో పుట్టినవారే, అసలు పేరు వేప శ్యామరావు. కలకత్తాలో పాఠాలు చెప్పి, ఆర్యసమాజం బాటన హర్యానా చేరి, అక్కడ విద్యామంత్రిగా కూడా పనిచేశారు. ఆయన సాహసాన్ని తెలుగునేల తగినంతగా తలుచుకోలేదని నా బాధ.

1982 ఫిబ్రవరిలో మోర్చా జస్టిస్ పి.ఎన్. భగవతికి ఒక ఉత్తరం రాసింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించి, ఇద్దరు వకీళ్లను క్వారీలకు పంపింది. ఊపిరాడనివ్వని రాతిపొడి, తాగడానికి మురికినీళ్లు, రాళ్లు పేర్చి పైన గడ్డి కప్పిన గుడిసెలు వాళ్ల కంటపడ్డాయి. నిలబడి లోపలికి పోలేనంత పొట్టి గుడిసెలవి. మమ్మల్ని వెళ్లనివ్వరని కూలీలే చెప్పారు.

హర్యానా ప్రభుత్వం వాదన వింటే ఇప్పటికీ మనసు మండుతుంది. బలవంతపు చాకిరీ ఉంటే ఉండవచ్చు, కానీ అడ్వాన్సు తీసుకున్నట్టు కూలీలు రుజువు చేస్తే తప్ప అది వెట్టి కాదంది. చదువురాని కూలీ ఏ కాగితం తెచ్చి చూపగలడు? లెక్కల పుస్తకం ఉంటే గింటే గుత్తేదారు దగ్గరే ఉంటుంది. 1983 డిసెంబరు 16న కోర్టు ఆ వాదనను తలకిందులు చేసింది. బలవంతపు చాకిరీ కనిపిస్తే దాని వెనక అప్పు ఉందనే భావించాలి, లేదని చూపాల్సిన భారం యజమానిది, ప్రభుత్వానిది. దాంతోపాటు 21 ఆదేశాలిచ్చింది. 1926, 1956 అంతర్జాతీయ ఒప్పందాల కంటే ఈ ఒక్క మాటే కూలీకి ఎక్కువ అక్కరకొచ్చిందని నేను నమ్ముతాను.

కూలీల విడుదలతో కథ తెమలలేదు. ఫరీదాబాద్ నుంచి విముక్తులై బిలాస్‌పూర్ చేరిన 135 మందికి ఆరు నెలలైనా పునరావాసం అందలేదని పత్రికా విలేఖరి నీరజా చౌదరి కోర్టుకు రాయాల్సివచ్చింది. విడిపించి వదిలేస్తే ఆకలి వాళ్లను మళ్లీ వెట్టిలోకే నెడుతుందని 1984 తీర్పు హెచ్చరించింది. 2016 కేంద్ర పథకం పునరావాస సాయాన్ని పెంచి, బాధితులను బట్టి లక్ష మొదలు మూడు లక్షల రూపాయల దాకా చేసింది. అయితే తక్షణ సాయంగా ఇచ్చే కొన్ని వేలు పోను, మిగతా సొమ్ము చేతికందడాన్ని విచారణలో వెట్టి రుజువు కావడంతో ముడిపెట్టింది. 1983లో కూలీ నెత్తి మీంచి కోర్టు దింపిన భారాన్ని ఈ నిబంధన మళ్లీ కూలీకే ఎత్తింది. దాన్ని తీసెయ్యాలి.